అప్పు కాగితం మీద సంతకం కూడా గాయమే



ఒంటిమీద దెబ్బ కనిపిస్తే "ఎలా తగిలిందమ్మా?" అని అడుగుతాం. నిద్ర పట్టడం లేదని, తలనొప్పి తగ్గడం లేదని వచ్చే అక్కచెల్లెళ్ళను మాత్రం "మీ పేరు మీద అప్పు ఏమైనా ఉందా?" అని అడగం. ఆ ప్రశ్న కూడా అడగాలని మా అభిప్రాయం.

వెలిమెల, పటాన్‌చెరు చుట్టుపక్కల ఎందరో స్త్రీలు కంపెనీల్లో, ఇళ్ళల్లో పనిచేసి సంసారం నడుపుతున్నారు. పొదుపు సంఘం అప్పయినా, ఫైనాన్సు అప్పయినా వారి పేరు మీదే తీస్తారు. కొన్ని ఇళ్ళల్లో ఆ డబ్బు భర్త చేతికి పోతుంది, కిస్తీ మాత్రం భార్య కట్టాలి. సంతకం పెట్టనంటే దెబ్బలు. జీతం పడిన రోజే ఏటీఎం కార్డు లాక్కుంటారు. చెప్పకుండానే బంగారం కుదువకు పోతుంది.

ఇది ఇంటి గొడవ కాదు, హింస. 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్న గృహహింస చట్టం ఆర్థిక హింసను కూడా గృహహింసగానే లెక్కిస్తుంది. ఆ చట్టం కింద నింపే నివేదికలో జీతం బలవంతంగా తీసుకున్నారా, నగలు అడగకుండా అమ్మారా, కుదువ పెట్టారా అనే వివరాలు కూడా రాస్తారు. మెజిస్ట్రేటు పోషణ ఖర్చు, వైద్యం ఖర్చు, జరిగిన నష్టం ఇప్పించవచ్చు. ఇంట్లోంచి గెంటివేయకుండా ఆపవచ్చు. స్త్రీధనం ఆమె సొంత ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది.

అయితే ఒక మాట దాచకూడదు. ఈ కేసు వేసినంత మాత్రాన అప్పు రద్దు కాదు. అప్పిచ్చినవారు సంతకం ఎవరిదో చూస్తారు. బలవంతంగా పెట్టించారని కోర్టులో చెప్పుకోవచ్చు, కాని రుజువు కావాలి. అందుకే ఆలస్యం చేయవద్దు. దెబ్బ తగిలిన రోజే డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి రాయించుకోండి. ఓపీ చీటీ, బ్యాంకు పాసుబుక్కు, కిస్తీ రసీదుల నకళ్ళు నమ్మకమైన వారి దగ్గర ఉంచండి. మైక్రోఫైనాన్సు అప్పుల వసూలుకు ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదని, బెదిరించకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధనలు పెట్టింది.

లాయరు ఫీజుకు భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. 15100కు ఫోను చేసినా చెబుతారు. ఆపదలో ఉంటే మహిళా హెల్ప్‌లైను 181.

ఆసుపత్రులకూ బాధ్యత ఉంది. ఫిర్యాదు ఇవ్వలేదని బాధితురాలికి వైద్యం నిరాకరించకూడదు. అంతకుముందు నివేదిక లేకపోతే ఆసుపత్రే దాన్ని నింపి రక్షణ అధికారికి పంపాలని నియమం. కట్టు కట్టి పంపితే మా పని సగమే అయినట్టు.

సంఘ పెద్దలకూ, అత్తమామలకూ ఒక మనవి. "సర్దుకుపో తల్లీ" అని చెప్పే ముందు ఆ ఇంటి కిస్తీ ఎవరు కడుతున్నారో అడగండి. ఆమె తన జీతం తన చేతిలో పెట్టుకునే రోజు వచ్చేవరకు ఆమెకు తోడు నిలవడం మనందరి పని.