పేరు కృష్ణది, ఓడ ఎవరిది?

పులిగడ్డ వద్ద రెండు పాయలై, దివిసీమను ఒడిలో నుంచుకొని సముద్రమును చేరు కృష్ణానది పేరు ఒకనాడు ఒక ఉక్కు యుద్ధనౌక ధరించినది. ఈ సంగతి బందరు, గుడివాడ, అవనిగడ్డ పాఠశాలలలో ఎందరికి తెలియును?

రెండవ ప్రపంచయుద్ధము మొదలగునాటికి రాయల్ ఇండియన్ నేవీ మిక్కిలి చిన్న దళము. దాని పెద్ద ఓడలను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. జలాంతర్గాముల బారినుండి సరకు ఓడలను కాపాడుటకై దానికి కొత్త ఓడలు కావలసివచ్చినవి. వాటికి భారతీయ నదుల పేర్లు పెట్టిరి. గ్లాస్గోలో యారో సంస్థ నిర్మించిన ఓడ 1943 ఏప్రిలులో జలప్రవేశము చేసినది. పొడవు సుమారు 300 అడుగులు. నాలుగంగుళాల ఫిరంగులు ఆరు. ఆంగ్లేయులు తమ నోటికి తిరిగినట్లు దానిని ‘కిస్ట్నా’ అనిరి. అదే సంవత్సరము ఇంగ్లండులో థార్నీక్రాఫ్ట్ వారి చేతులలో ‘గోదావరి’ కూడ రూపొందినది. 1945 జనవరిలో బర్మా తీరమున రామ్రీ ద్వీపముపై సేనలు దిగునప్పుడు కిస్ట్నా ఫిరంగులు వారికి అండగా మ్రోగినవి.

1947లో దేశముతోపాటు ఓడలును పంపకమైనవి. ఈ తరగతి నౌకలు ఆరింటిలో నాలుగు భారతదేశమునకు, రెండు పాకిస్తానునకు వచ్చినవి. కృష్ణ ఇచట నిలిచినది. గోదావరి పాకిస్తానుకు పోయి ‘సింధ్’ అయినది. ఏ నది ఎచట పారుచున్నదని ఆ పంపకమున ఎవరును విచారింపలేదు. పరుల కర్మాగారమున పుట్టిన ఓడకు పేరు చొక్కా వంటిది, విప్పవచ్చును, తొడగవచ్చును. ‘కిస్ట్నా’ తరువాత ‘కృష్ణ’యై, నావికులకు శిక్షణ నిచ్చి, 1981లో విశ్రమించినది.

పరిశ్రమలు లేని పరాధీన దేశమునకు వేరు దారి యేదని కొందరు అడుగవచ్చును. ఆనాటికి అది నిజమే. కాని ఈ తీరమునకు ఓడపని ఎరుగనిది కాదు. 17వ శతాబ్దిలో బందరు నుండి ఓడలు పెగూకు, మోకాకు పోయెడివి. నరసాపురమున కొయ్య ఓడలు కట్టెడివారు. కొయ్య పోయి ఉక్కు వచ్చినప్పుడు ఆ విద్య కొత్త రూపు దాల్చలేదు. బందరు రేవు మేట వేయగా, పెద్ద ఓడలు దూరముననే లంగరు వేసినవి. ఆ లోటును కొంత తీర్చినది విశాఖపట్టణము: అచట తయారైన ‘జల ఉష’ 1948 మార్చిలో నీట దిగినది.

తరువాతి కథ మరింత ఆలోచింపదగినది. 1983లో గోదావరి పేరు తిరిగివచ్చినది. ఈసారి భారతీయులే రూపకల్పన చేసి, బొంబాయి మజగాఁవ్ డాక్‌లో కట్టిన యుద్ధనౌకపై అది వెలసినది. కృష్ణకు ఆ భాగ్యము కలుగలేదు. 1995లో ఆ పేరు పెట్టినది బ్రిటిషువారు వాడి విడిచిన ‘ఆండ్రోమెడా’కు, అదియు 2012లో విరమించినది.

బందరు చెంత మంగినపూడి వద్ద కొత్త రేవు పనులు 2023లో ఆరంభమైనవి. రేవు సరకును తెచ్చును, విద్యను తేజాలదు. అది బడి పని. ఉపాధ్యాయులు దేశవిభజన పాఠములో ఈ రెండు ఓడల కథ చెప్పవలెను; ఉక్కు నీట తేలు కారణమును కాలువ గట్టుననే చూపవలెను. కృష్ణ పేరు మూడవసారి ఓడనెక్కునాడు, ఆ ఉక్కును మలచిన చేతులలో డెల్టా బిడ్డల చేతులును ఉండవలెను. అప్పుడే ఆ పేరు అలంకారము కాక హక్కగును.