చేపల ఊరికి విమానంలో వచ్చిన చేపనూనె



విశాఖలో మా ఇంటికి నడక దూరంలోనే జాలరిపేట ఉంది. పడవలు ఒడ్డుకు చేరే వేళకు అటు నడిచి వెళ్లడం ఉద్యోగ విరమణ తరువాత నాకు అలవాటైంది. ఒక ఉదయం, చాలాకాలంగా నాకు తెలిసిన ఒక పెద్దాయన నన్ను ఆపి చేతిలో ఒక సీసా పెట్టారు. "డాక్టరు బాబూ, మా మనవడు అమెరికా నుంచి తెచ్చినాడు. గుండెకి మంచిదంట. ఏసుకోమంటారా?" అని అడిగారు.

అవి చేపనూనె గుళికలు. ఆయన కాళ్ల దగ్గరి బుట్టలో అప్పుడే దించిన కానాగుర్తలు మెరుస్తున్నాయి.

ఆ చేపకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రాస్ట్రెలిజర్ కానాగుర్త. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలను వర్ణిస్తూ 1803లో ఒక గ్రంథం వెలువరించారు. అందులో నమోదైన మన తెలుగు పేరే శాస్త్రనామంలో నిలిచిపోయింది. అటువంటి ఊరికి చేపనూనె విమానంలో రావడం చూసి నాకు నవ్వు వచ్చింది. కానీ ఆ పెద్దాయన గుండె కవాటానికి శస్త్రచికిత్స జరిగిందనీ, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడుతున్నారనీ గుర్తుకు రాగానే ఆ నవ్వు ఆగిపోయింది. వార్ఫరిన్ మోతాదు అతి సున్నితమైనది. చేపనూనెను పెద్ద మోతాదులో తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. ఆకుకూరల సారంతో చేసిన మాత్రలలోని కె విటమిన్ ఇందుకు విరుద్ధంగా ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. మనవడు ప్రేమతో తెచ్చాడు, నిజమే. కాని తాతగారు ఏ మందులు వాడుతున్నారో అడగాలన్న ఆలోచన అతనికి రాలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. అమెరికాలో ఇవి కిరాణా సరుకుల పక్కనే దొరుకుతాయి. అక్కడి 1994 నాటి చట్టం ప్రకారం, పోషక పూరకాలను అమ్మకానికి పెట్టేముందు వాటి ప్రయోజనాన్ని ప్రభుత్వం ఎదుట నిరూపించనవసరం లేదు. ఇక ప్రయోజనం సంగతికి వస్తే, 2018లో ఫలితాలు వెలువడిన వైటల్ అనే పరిశోధనలో ఇరవై అయిదు వేలకు పైగా వ్యక్తులు పాల్గొన్నారు. రోజుకొక గ్రాము చేపనూనె ఇచ్చినా, గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాలను కలిపి లెక్కిస్తే చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. వారానికి రెండుసార్లు చేప తినమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా ఇస్తుంది. మా పెద్దాయన అంతకంటే ఎక్కువే తింటారు!

పూరకాలన్నీ వ్యర్థమని నేననడం లేదు. గర్భిణికి ఫోలిక్ ఆమ్లం, ఇనుము అవసరం. దీర్ఘకాలం మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ, శాకాహారులలోనూ బి12 లోపించవచ్చు. లోపం ఉందని పరీక్షలో తేలినప్పుడు ఆ మాత్ర మందుతో సమానం. అందుచేత మందుకు చూపే జాగ్రత్తే దానికీ చూపాలని నా అభిప్రాయం.

ఇటునుంచి పిల్లల దగ్గరకు ప్రయాణమయ్యే తల్లిదండ్రులదీ ఇదే కథ. ఇందులో నా తప్పు కూడా ఉంది. కొన్నేళ్ల క్రితం విదేశీ ప్రయాణంలో ప్రోటీన్ పొడి డబ్బాను భద్రంగా చేతిసంచిలో పెట్టుకొని, రక్తపోటు మాత్రలను పెద్ద పెట్టెలో వేశాను. ఆ పెట్టె రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. రోగులకు నలభై ఏళ్లు నీతులు చెప్పిన నేను, ప్రోటీన్ పొడి చేతిలో పట్టుకొని, రక్తపోటు మాత్ర లేకుండా రెండు రాత్రులు గడిపాను.

కాబట్టి మొదటి సూత్రం ఇది: రోజూ తప్పనిసరిగా వేసుకోవలసిన మందులు, వైద్యుని చీటీతో సహా, మీ చేతిసంచిలో ఉండాలి. పూరకాలు పెద్ద పెట్టెలో వెళ్లవచ్చు. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన టానిక్కు సీసాను సాధారణంగా అనుమతించరు. అమెరికా వెళ్లే విమానాలలో సుమారు 350 మిల్లీలీటర్లకు మించిన పొడి డబ్బాలకు 2018 నుంచి అదనపు తనిఖీ ఉంది.

రెండవది, మాత్రలను వాటి అసలు సీసాలోనే, చీటీ చింపకుండా తీసుకువెళ్లండి. చోటు కలిసివస్తుందని అన్నిటినీ ఒకే డబ్బాలో పోయకండి. పరాయి దేశంలో మీరు స్పృహ తప్పితే, అక్కడి వైద్యునికి మీ తరఫున మాట్లాడేది ఆ చీటీ ఒక్కటే. పేరులేని లేహ్యాలు, భస్మాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అమెరికాలోని బోస్టన్ దుకాణాలలో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం, లేదా ఆర్సెనిక్ బయటపడ్డాయి.

మూడవది, ఒక దేశంలో అంగడి సరుకు మరొక దేశంలో మందు కావచ్చు, నిషిద్ధ వస్తువూ కావచ్చు. నిద్ర కోసం వాడే మెలటోనిన్ అమెరికాలో ఎవరైనా కొనవచ్చు. బ్రిటన్‌లో వైద్యుని చీటీ కావాలి. మన వంటింటి గసగసాలు దుబాయికి తీసుకువెళ్లడం నేరం. వెళ్లే దేశపు నియమాలను బయలుదేరేముందే తెలుసుకోండి.

నాలుగవది, ప్రయాణపు హడావిడిలో అన్ని మాత్రలనూ ఒకే గుక్కలో మింగకండి. థైరాయిడ్ మాత్రకూ, కాల్షియం లేదా ఇనుము మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకుంటే థైరాయిడ్ మందు సరిగా ఒంటికి పట్టదు.

అటునుంచి వచ్చే పిల్లలకు ఒక మనవి. సీసా కొనేముందు ఇంటికి ఫోను చేసి, "నాన్నా, మీరు ఏయే మందులు వేసుకుంటున్నారు?" అని అడగండి. ఆ జాబితాను వైద్యునికి చూపించండి. పెద్దలకు సీసా కంటే ఆ ప్రశ్నే ఎక్కువ మేలు చేస్తుంది.

మా పెద్దాయనకు, తన గుండె వైద్యుణ్ణి అడిగేదాకా ఆ సీసా మూత తీయవద్దని చెప్పాను. ఆయన సరేనని, నాలుగు కానాగుర్తలు నా సంచిలో వేశారు. ఎంత వద్దన్నా వినలేదు, డబ్బులూ తీసుకోలేదు.

మీ ప్రయాణాలు క్షేమంగా సాగాలని కోరుకుంటూ, సెలవు.