తిరిగొస్తామని రుజువు

ఎండ కోసం డబ్బులు పెట్టి విమానం ఎక్కాలంటే ఖమ్మంలో ఎవరూ ఒప్పుకోరు. మే నెలలో మా దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే. కొత్తగూడెం, భద్రాచలం వైపు ఇంకో డిగ్రీ ఎక్కువే గానీ తక్కువ ఉండదు. అలాంటి జిల్లాలో పుట్టి పెరిగిన మనుషుల ముందు కూర్చుని, ‘మధ్యధరా సముద్రంలో మాల్టా అని ఒక ద్వీపం ఉంది, అక్కడ ఎండ చాలా బాగుంటుందట, పోదామా?’ అని అడిగి చూడండి. మా నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు.

‘‘ఎండకు ఆరువేల కిలోమీటర్లు ఎందుకురా? కల్లంలోకి రా, కావలసినంత ఉంది.’’

నాన్న అన్నదాంట్లో న్యాయం ఉంది. ఎండను సెలవుగా చూసేది చలిదేశాల వాళ్లు. లండన్‌లోనో బెర్లిన్‌లోనో ఆరు నెలలు మబ్బు కింద బతికినవాళ్లకు మాల్టా, సైప్రస్, క్రీట్ లాంటి ద్వీపాలు స్వర్గం. మిర్చి రైతుకు ఎండ అంటే పని. కాయ ఆరాలి, తాలు తీయాలి, బస్తాకెత్తాలి. అందుకే నేను ఎండ మాట పక్కనపెట్టి లెక్క చూపించా. మే నెలలో మాల్టాలో పగటి వేడి 24, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే మా ఇంట్లో ఏసీ పెట్టుకునే నంబరు. వాళ్లు ఎండ కోసం పోతారు, మనం నీడ కోసం పోతాం. ఈ మాటకు అమ్మ నవ్వింది. అమ్మ నవ్విందంటే సగం పని అయినట్టే.

నెల ఎంచుకోవడం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. జూలై, ఆగస్టుల్లో యూరప్ మొత్తానికి సెలవులు. ద్వీపం కిటకిటలాడుతుంది, హోటల్ రేట్లు ఆకాశంలో ఉంటాయి, వేడి కూడా 30 దాటుతుంది. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం వరకు, మళ్లీ సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు వరకు హాయి. సముద్రంలో దిగాలనుకునేవాళ్లకు అక్టోబరే మేలు, వేసవంతా కాగిన నీళ్లు అప్పటికి ఇంకా వెచ్చగా ఉంటాయి. మా ఇంట్లో మాత్రం తేదీలు నిర్ణయించింది వాతావరణం కాదు, పంట. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి ఏరుడు, మార్కెట్ యార్డు. మృగశిర కార్తె వచ్చేసరికి, అంటే జూన్ 8 కల్లా, నాన్న చేలో ఉండాలి. మధ్యలో దొరికేది మే నెల ఒక్కటే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లోనే ఊరు వదిలిపోవడం ఇంకా మంచిది. మే 20న బయల్దేరి 28న తిరుగు ప్రయాణం అని రాసుకున్నాం.

ఇక దారి. కొత్తగూడెంలో విమానాశ్రయం అనే మాట మేం ఏళ్లుగా వింటూనే ఉన్నాం. ప్రస్తుతానికి ఖమ్మం నుంచి రైలెక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి శంషాబాద్. శంషాబాద్ నుంచి మాల్టాకు నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగానో, దోహా మీదుగానో, లేదంటే ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో పోవాలి. దుబాయ్ నుంచి పోయే ఎమిరేట్స్ విమానం చాలా ఏళ్లుగా సైప్రస్‌లోని లార్నకాలో ఆగి మాల్టా చేరుతోంది. పెద్దవాళ్లతో పోయేటప్పుడు నాకు తెలిసిన సూత్రం ఒకటే: మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే రెండు మూడు వేలు మిగలొచ్చు గానీ, మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానికి ఎవరూ బాధ్యత తీసుకోరు. సామాను కూడా మధ్యలో మనమే దించుకుని మళ్లీ ఎక్కించాలి. మధ్యలో మూడు గంటల విరామం ఉంటే అమ్మానాన్నలకు బాత్రూమ్‌కీ టీకీ సరిపోతుంది, పరుగు ఉండదు.

ఇంకో సంగతి. టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని ముందుగానే కొంత పట్టుకుంటారు. ఆ శాతం బడ్జెట్‌కో రకంగా మారుతోంది కాబట్టి కొనేముందు అడగండి. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కాకపోతే అన్నాళ్లు చేతిలో ఉండదు. విమాన టికెట్ విడిగా, హోటల్ విడిగా బుక్ చేసుకుంటే ప్యాకేజీ లెక్కలోకి రాదు.

సైప్రస్ కూడా చూశాను. అది యూరోపియన్ యూనియన్‌లో 2004లోనే చేరింది, మాల్టా కూడా అదే ఏడాది. అయితే మాల్టా 2007 డిసెంబరులో షెంజెన్‌లోకి వచ్చింది, సైప్రస్ వీసా మాత్రం వేరేగా నడుస్తోంది. క్రీట్ పెద్ద ద్వీపం, తిరగాలంటే కారు కావాలి. మాల్టాలో ఇంగ్లీషు అధికార భాష, బస్సు ఎక్కితే ద్వీపం ఈ చివరి నుంచి ఆ చివరికి పోవచ్చు. మొత్తం వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లు, ఇప్పటి ఖమ్మం జిల్లాలో పదో వంతు కూడా లేదు. నడక తక్కువ, చూసేవి ఎక్కువ. రాజధాని వల్లెట్టా కోట మొత్తం యునెస్కో జాబితాలో ఉంది. పక్కనున్న గోజో దీవిలో జిగాంటియా అనే రాతి గుడులు ఉన్నాయి, ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి. గుళ్లు అనగానే అమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ‘‘అన్ని వేల ఏండ్ల గుడి అయితే కొబ్బరికాయ కొట్టాల్సిందే’’ అంది.

విచిత్రం ఏంటంటే, కొబ్బరికాయ తీసుకుపోవచ్చు. బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు. పండ్లకు కూడా ప్రత్యేక సర్టిఫికెట్ కావాలి, మినహాయింపు కొన్నింటికే. కొబ్బరి, అరటి, అనాస, ఖర్జూరం, డ్యూరియన్. మామిడి ఆ లిస్టులో లేదు. మే నెలలో బంగినపల్లి వదిలేసి పోవడమే మా నాన్నకు ఈ ప్రయాణంలో పెద్ద త్యాగం. ఆవకాయకు ఇబ్బంది లేదు, గట్టిగా ప్యాక్ చేసి పెద్ద సూట్‌కేసులో వేయాలి.

ఇదంతా సరదా భాగం. అసలు కథ వీసా.

షెంజెన్ వీసాకు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు మనిషికి 90 యూరోలు. ముగ్గురికి 270. కేంద్రం వాళ్ల సేవా రుసుము అదనం. వీసా రాకపోయినా ఈ డబ్బు వెనక్కి రాదు. 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలు ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, కొన్నిసార్లు 45 రోజుల దాకా పోతుంది. మేలో ప్రయాణం ఉన్నవాళ్లు ఏప్రిల్‌లో అపాయింట్‌మెంట్ వెతికితే దొరకడం కష్టం. జనవరి, ఫిబ్రవరిలోనే పని ముగించాలి. వీసా చేతికి రాకముందు, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని టికెట్ మాత్రం కొనకండి.

2024లో మన దేశం నుంచి షెంజెన్ వీసాకు 11 లక్షలకు పైగా దరఖాస్తులు వెళ్లాయి. వాటిలో సుమారు 15 శాతం తిరస్కరించారు. అన్ని దేశాల దరఖాస్తులూ కలిపి చూస్తే, ఆ ఏడాది ఎక్కువ శాతం కాదన్నది మాల్టానే. ఇది తెలిసే దిగుతున్నాం. ఒకసారి కాదంటే ఆ వివరం ఐదేళ్లు వాళ్ల కంప్యూటర్లో ఉంటుంది, తర్వాతి దరఖాస్తుల్లో చూస్తారు. వస్తే మాత్రం మేలే. 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు కొత్త పద్ధతి పెట్టారు. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సరిగ్గా వాడినవాళ్లకు రెండేళ్ల వీసా, ఆ తర్వాత ఐదేళ్లది దొరికే వీలుంది. అంటే మొదటి వీసా మీదే మిగతాదంతా నిలబడుతుంది.

నా సంగతి తేలిక. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, సెలవు లెటరు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు. ఒక్క సాయంత్రంలో ఫైలు అయిపోయింది. అమ్మానాన్నల దగ్గరే కథ ఆగింది. నాన్నకు ఐటీ రిటర్ను లేదు, ఎందుకంటే వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు. సెలవు లెటరు లేదు, ఎందుకంటే రైతుకు సెలవు ఇచ్చేవాడు లేడు. బ్యాంకు పుస్తకంలో ఏడాదికి రెండుసార్లు డబ్బు పడుతుంది, మిగతా నెలలంతా పోతుంది. 45 ఏళ్ల పని అనుభవాన్ని చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు.

పైగా ఆ ఫారాలన్నీ అడిగే అసలు ప్రశ్న ఒకటే. మీరు తిరిగి వస్తారని నమ్మకం ఏమిటి? నేను అది చదివి వినిపించినప్పుడు నాన్నకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంచెం సేపు మాట్లాడలేదు.

‘‘రాకపోతే మిర్చి నారు ఎవరు పోస్తరు?’’ అన్నాడు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ బ్యాంకూ ఇవ్వలేదు. కానీ దానికి ఫారంలో గడి లేదు. అందుకే కవరింగ్ లెటర్‌లో మా పంటల క్యాలెండర్ రాశాను. జూన్‌లో పత్తి గింజలు, జూలైలో మిర్చి నారు, ఆగస్టు, సెప్టెంబరులో నాట్లు, జనవరి నుంచి ఏరుడు. మృగశిర కార్తెను ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, ‘తొలకరి విత్తనాల సమయం, జూన్ 8 నుంచి’ అనే అర్థం వచ్చేలా రాశాను. దాని వెనక పట్టాదారు పాస్‌బుక్, దాని ఇంగ్లీషు అనువాదం, ఖమ్మం మార్కెట్ యార్డు తక్‌పట్టీలు మూడేళ్లవి, ఖర్చంతా నాదేనని నా లెటరు పెట్టాను. మీ ఇంట్లో కూడా రైతు తల్లిదండ్రులు ఉంటే తక్‌పట్టీలు పారేయకండి. వాటి మీద తేదీ, తూకం, ధర, పేరు అన్నీ ఉంటాయి. జీతం స్లిప్పు లేని మనిషికి అదే జీతం స్లిప్పు.

అమ్మ ఫారంలో ఇంకో ముడి. పుట్టిన ఊరు. అమ్మది కూనవరం వైపు, శబరి గోదావరిలో కలిసే చోటు. ఆమె పుట్టినప్పుడు అది ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం కోసం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు తూర్పు గోదావరి జిల్లా అయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. ఊరు అంగుళం కదల్లేదు. ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి ఉంటే గాభరా పడొద్దు, ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, తేడాకు కారణం లెటర్‌లో రెండు వాక్యాల్లో చెప్పాలి.

ద్వీపం అంటే ఏంటో అమ్మకు నేను చెప్పనక్కర్లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వాళ్ల ఊళ్లకు ఊళ్లే ద్వీపాలయ్యాయి. ‘‘చుట్టూ నీళ్లుండే ఊరు చూడ్డానికి డబ్బులు పెడతరా?’’ అని అడిగింది. మాల్టాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదని, తాగే నీళ్లలో సగానికి పైగా సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి తయారు చేస్తారని చెప్పాను. ఆమె చాలాసేపు నమ్మలేదు. తర్వాత ఆ ఊళ్లో నీళ్ల కోసం ఆడవాళ్లు ఎంత దూరం పోతారని అడిగింది. నల్లాలు ఉన్నాయని చెప్తే ‘‘అయితే సరే’’ అంది. గోజోకు పడవలో పోవాలి, పాతిక నిమిషాలు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పటి నుంచి అమ్మ లాంచీ ఎక్కలేదు. గోజోకు పోయేది బస్సులు, కార్లు కూడా ఎక్కే పెద్ద ఓడ అని వీడియో చూపించాను. లైఫ్ జాకెట్లు ఎక్కడ పెడతారో చూపించేదాకా ఒప్పుకోలేదు.

వచ్చే వారం హైదరాబాద్‌లో వేలిముద్రలు. మొదటిసారి దరఖాస్తు చేసేవాళ్లు స్వయంగా పోవాలి. ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తాయి. మా భయం అక్కడే ఉంది. రేషన్ షాపు మిషన్ మీద అమ్మ వేలు మూడోసారికో నాలుగోసారికో గానీ పట్టదు. ముప్పై ఏళ్లు మిర్చి ఏరిన వేళ్లు అవి, గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర తీయడం శారీరకంగా సాధ్యం కాని వాళ్లకు మినహాయింపు ఉందని నిబంధనల్లో ఉంది. ఆ పేజీ కూడా ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాను.

వీసా వస్తే మే 20న రైలెక్కుతాం. రాకపోతే కారణం రాసి ఇస్తారు, అప్పీలుకు అవకాశం ఉంటుంది, ఆ డబ్బుతో ఇంకెక్కడికైనా పోతాం. సెలవు మాత్రం రద్దు కాదు, నాన్న దగ్గర మాట తీసుకున్నాను. అమ్మ ఈ వారం చేలోకి పోవడం లేదు. పొద్దున, రాత్రి చేతులకు కొబ్బరినూనె రాసుకుని, ఫోన్ వెలుతురులో వేళ్ల కొసలు చూసుకుంటోంది.