గ్లాసులో టీ ఎవరు పోశారు?

మన కాలేజీ షార్ట్ ఫిల్ములకి కెమెరా అద్దె కోసం అందరం చందాలేసుకుంటాం. కంటిన్యుటీ చూసుకోవడానికి మాత్రం ఒక్కరూ దొరకరు. హీరోయిన్ ఏడుస్తుంటుంది. ఒక షాట్‌లో గ్లాసులో సగం టీ, తర్వాతి షాట్‌లో నిండా టీ. "మధ్యలో ఎవరు పోశార్రా?" అని వెనక బెంచీ నుంచి ఒక్క అరుపు. ఏడుపు సీను కాస్తా కామెడీ అయిపోతుంది.

దీనికి డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలంటాను నేను. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఊహించుకుని, కెమెరాని దానికి ఒకే పక్క ఉంచాలి. ఇదే 180 డిగ్రీల రూలు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ప్రధాన కెమెరాలు మైదానానికి ఒకే వైపు ఉండేది కూడా ఇందుకే. గీత దాటితే మనవాళ్లు మన గోల్ మీదకే పరిగెడుతున్నట్టు ఉంటుంది. ఇక హీరో కుర్చీలో కూర్చునే సీనుంటే, ఆ కూర్చోవడం మొత్తాన్ని దూరం నుంచీ, దగ్గర నుంచీ రెండుసార్లు తీయండి. కదలిక మధ్యలో కట్ చేస్తే కన్ను కదలిక వెంట పోతుంది, కట్ కనపడదు.

"అది జంప్ కట్ బాసూ, గొదార్ చేయలేదా?" అంటారు కొందరు. 1960లో వచ్చిన 'బ్రెత్‌లెస్'లో గొదార్ కావాలనే అలా కట్ చేశాడు. మనది షూటింగ్‌లో మర్చిపోయి, ఎడిటింగ్‌లో పెట్టుకున్న పేరు.

ఇంకొందరు ఎడిటర్ వాల్టర్ మర్చ్‌ని అడ్డం పెట్టుకుంటారు. మంచి కట్‌లో ఎమోషన్‌కి 51 శాతం, గదిలో ఎవరెక్కడున్నారనే కంటిన్యుటీకి 4 శాతమే ఇచ్చాడాయన. నిజమే. రెండింట్లో ఒకటే దక్కేటప్పుడు ఏది వదులుకోవాలో చెప్పే లెక్క అది. ఊరికే వదిలేయమని కాదు. ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టుంటే, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో వెతుక్కునేవాడికి ఏడుపేం పడుతుంది? ఆ 4 తో పాటు 51 కూడా పోతుంది. అయినా నాలుగు మార్కులే కదా అని ఇంటర్నల్స్ వదిలేస్తామా?

అందుకే ఈసారి ఫెస్ట్‌కి తీసేవాళ్లు ఈ పని ఒకరికి అప్పజెప్పండి. ప్రతి టేక్ అయ్యాక గ్లాసు, వాచీ, జుట్టు, చొక్కా గుండీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటే చాలు. టైటిల్స్‌లో వాళ్ల పేరు కూడా వేయండి.