జడ్జీలు ఎవరి పక్షం?

అమెరికాలో సుప్రీంకోర్టు జడ్జీ పేరును అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదించాలి. 2017-20 మధ్య ట్రంప్ అలా గోర్సచ్, కవనా, బారెట్ అనే ముగ్గురిని నియమించాడు. అప్పుడు దేశమంతా మోగిన ప్రశ్న: గర్భస్రావం హక్కు ఉంటుందా, ఊడుతుందా? అది చిన్న ప్రశ్నేం కాదు. 2022లో ఆ కోర్టు ఆ హక్కుకు రాజ్యాంగ రక్షణ తీసేసింది కూడా.

కాని ఆ హోరులో ఇంకో ప్రశ్న మునిగిపోయింది. వీళ్లు కూలివాడి పక్షమా, కామందు పక్షమా? వ్యాపారస్తులు మాత్రం ఆ లెక్క మరిచిపోలేదు. ఆ ముగ్గురినీ అక్కడి చాంబర్ ఆఫ్ కామర్స్ బలపరిచింది.

ఇది నిన్నమొన్నటి తెలివి కాదు. 1971 ఆగస్టులో లూయిస్ పావెల్ అనే కార్పొరేట్ లాయరు ఆ చాంబర్‌కే ఒక రహస్య పత్రం రాసిచ్చాడు. కోర్టుల మీద దృష్టి పెట్టండి అన్నది అందులో ఒక సలహా. రెండు నెలలకే నిక్సన్ ఆయన్ని సుప్రీంకోర్టుకు ప్రతిపాదించాడు. సెనేట్ ఆమోదించి, ఆయన జడ్జీ అయ్యాక, 1972లో గాని ఆ పత్రం పత్రికలకెక్కలేదు.

ఫలితం పొలంలో చూడండి. 1935 నాటి అమెరికా కార్మిక చట్టం వ్యవసాయ కూలీలను బయట పెట్టింది. కాలిఫోర్నియా కూలీలు పోరాడి 1975లో తమ రాష్ట్రంలో చట్టం తెచ్చుకున్నారు. సంఘం వాళ్లు ఏడాదికి 120 రోజుల దాకా, పనికి ముందు, భోజనం వేళ, పని దిగాక, మొత్తం రోజుకు మూడు గంటలు పొలంలోకి పోయి కూలీలతో మాట్లాడొచ్చని ఆ ఏడే నిబంధన వచ్చింది. వలస కూలీ ఇవాళ ఒకచోట, రేపొకచోట. పొలంలో తప్ప ఎక్కడ దొరుకుతాడు?

2021 జూన్‌లో, స్ట్రాబెర్రీ మొక్కలు పెంచే సీడర్ పాయింట్ నర్సరీ కేసులో, అది పరిహారం లేకుండా యజమాని ఆస్తిని తీసుకోవడమేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఆరుగురు అటు, ముగ్గురు ఇటు. ట్రంప్ వేసిన ముగ్గురూ ఆ ఆరుగురిలోనే ఉన్నారు.

కూలిరేటు మాట మాట్లాడాలంటే గట్టు మీదికి పోవాలని మనకు ఒకరు చెప్పాలా? ఆ గట్టుకే తాళం పడింది.

ఆడవాళ్ల హక్కు వదిలి కూలి హక్కు చూడమని కాదు. చేలో నడుం వంచే ఆడమనిషికి రెండూ కావాలి. కాబట్టి జడ్జీ పేరు బయటికొచ్చిన రోజే రెండు ప్రశ్నలూ అడగాలి. తీర్పు వచ్చాక అడిగితే, పంట పోయాక కావలి కాసినట్టే.