అమ్మ ముక్కు, నాలుగు గ్లాసులు

మొన్న ఆదివారం సీతాఫల్‌మండిలో మా వంటింటి గట్టు మీద నాలుగు స్టీలు గ్లాసులు పెట్టి, వేడినీళ్లు పోసి, ఒక్కోదాంట్లో రెండేసి ఆకుపచ్చ గుళికలు వేశాను. చూడ్డానికి కుందేళ్ల దాణాలా ఉంటాయవి. అమ్మ వచ్చి, "ఏందిరా ఇది, ఆయుర్వేదం మందా?" అంది. హాప్స్ అన్నాను. అంటే ఏంటంది. బీర్లో వేసే పువ్వు, ఎండబెట్టి పొడి చేసి ఇలా గుళికలు కడతారని చెప్పాను. అమ్మ మొహం మారిపోయింది.

ఎందుకు మారిందో నాకు తెలుసు. మా పెద్దమామ తాగుడుతోనే పోయాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడరు. ఇవి ఉత్త కషాయం, చుక్క ఆల్కహాల్ లేదని ఒట్టేసి చెప్పినా అమ్మ చాలాసేపు గుమ్మం దగ్గరే నిలబడింది.

ఆ గుళికలు ఇచ్చింది నా క్లాస్‌మేట్. ఓయూలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ఒక మైక్రోబ్రూవరీలో పనిచేస్తున్నాడు. ఎంఎంటీఎస్ స్టేషన్ బయట నా చేతిలో నాలుగు ప్యాకెట్లు పెట్టి, "వచ్చే నెల పేల్ ఏల్ వేస్తున్నాం, దేన్ని దేంతో కలపాలో నువ్వు చెప్పు" అన్నాడు. నన్నే ఎందుకంటే, నేను రెండేళ్లు ఆరెగాన్‌లో ఉన్నప్పుడు ఇంట్లో బీరు కాచేవాణ్ణి. అక్కడది చట్టబద్ధమే. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు, అమ్మకూడదంతే. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసు. కాబట్టి నా ప్రయోగాలిప్పుడు వేడినీళ్ల వరకే.

అసలీ పువ్వెందుకు? కల్లు తెలిసినవాళ్లకి చెప్పడం తేలిక. పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పుల్లబడుతుంది. పులుపు తెచ్చేవాటిలో లాక్టిక్ బ్యాక్టీరియా ఒకటి. హాప్స్‌లోని చేదు దాన్ని పెరగనివ్వదు. ఇంగ్లండ్ నుంచి ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలల తరబడి ఓడలో మద్రాసుకీ, కలకత్తాకీ వచ్చే బీర్లో హాప్స్ దండిగా వేసింది అందుకే. ఇండియా పేల్ ఏల్ అన్న పేరు అలా మనమీదుగా వచ్చిందే.

ఈ పువ్వు రెండు పనులు చేస్తుంది, చేదునిస్తుంది, వాసననిస్తుంది. రెండూ ఒకేసారి రావు. చారులో మిరియాలు మరిగితేనే ఘాటు దిగుతుంది, కొత్తిమీర మరిగితే గడ్డైపోతుంది. అలాగే గంటసేపు మరిగిన హాప్స్ చేదునిచ్చి వాసన పోగొట్టుకుంటాయి, పొయ్యి కట్టేశాక వేసినవి వాసన నిలుపుకుంటాయి. చేదుకి లెక్కుంది (ఇంజినీర్‌ని కదా, ఇదే నాకిష్టమైన భాగం). 13 శాతం ఆల్ఫా ఆమ్లం ఉన్న సిమ్కో 18 గ్రాములు 20 లీటర్లలో గంట మరిగిస్తే, అందులో పావు వంతు దిగుతుందనుకున్నా లీటరుకి దాదాపు 29 మిల్లీగ్రాముల చేదు. పేల్ ఏల్‌కి 30 నుంచి 50 మధ్య కావాలి. అదే 6 శాతం ఉండే కాస్కేడ్‌తో తేవాలంటే 39 గ్రాములు పొయ్యాలి. అంత మంచి వాసనున్న పువ్వుని మరిగించి పారేయడం దండగ.

వాసనకి మాత్రం లెక్క లేదు. ఆరెగాన్‌లో ఒక దీపావళికి నేను చేసిన తప్పు అదే. ఫ్రీజర్లో మిగిలిన ఆరు రకాలూ కలిపి, పులిసిన బీర్లో పోసి రెండు వారాలు వదిలేశాను. ఎక్కువ రకాలుంటే ఎక్కువ పరిమళం అనుకున్నాను. వచ్చింది పచ్చిగడ్డి వాసన, గొంతులో గీరుకునే వగరు. ఆరుగురు ఒకేసారి మాట్లాడే టీమ్ కాల్‌లా ఉంది. వచ్చినవాళ్లు మర్యాదకి ఒక్కో గ్లాసు తాగారు, మిగతా పదిహేను లీటర్లు సింకులో పోశాను. అప్పట్నుంచీ వాసనకి రెండు రకాలు చాలు, మూడు రోజులు చాలు అని నా రూలు.

ఏ రెండు అన్నదే ఇప్పటి ప్రశ్న. నేను తంటాలు పడుతుంటే అమ్మే వచ్చి మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. "పంపరపనస తొక్క." అది కాస్కేడ్. 1972లో ఆరెగాన్‌లోని కొర్వాలిస్‌లో విడుదలైన రకం. పుస్తకాల్లో గ్రేప్‌ఫ్రూట్ అని రాస్తారు. గ్రేప్‌ఫ్రూట్ పుట్టిందే పంపరపనసకీ నారింజకీ. రెండోది సిట్రా. "పండిన మామిడి, కొంచెం మురిగింది." మూడోది సిమ్కో. "గుగ్గిలం పొగ లెక్కుంది. వెనకంగ పిల్లి తిరిగినట్టుంది." నేను నవ్వాపుకోలేకపోయాను. బ్రూవర్లు కూడా సరిగ్గా అదే మాటంటారు. కొన్ని హాప్స్‌లో ఉండే ఒక గంధక పదార్థం పనది, మోతాదు మించితే పిల్లే. నాలుగోది ఇంగ్లిషు గోల్డింగ్స్. "తేనె, తడిమట్టి. ఇది ఒక్కటే ఉండాలె, వేరేదాంట్ల కలపకు."

తర్వాత చెంచాతో తనే కలిపింది. కాస్కేడ్, సిట్రా సమానంగా పోస్తే పంపరపనస కనబడకుండా పోయింది. రెండు చెంచాల కాస్కేడ్‌కి ఒకటి సిట్రా పోస్తే పంపరపనస ముందొచ్చింది, మామిడి ఆ వెనక. నాలుగేళ్ల కిందట నేను బకెట్ల కొద్దీ బీరు పారబోసి నేర్చుకున్నది అమ్మ పది నిమిషాల్లో చెంచాతో తేల్చింది.

స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. చేదుకి సిమ్కో, గంట మరిగించు, పిల్లి ఆవిరైపోతుంది. వాసనకి కాస్కేడ్, సిట్రా, రెండుకి ఒకటి. 20 లీటర్లకి మొత్తం 60 గ్రాములు, మూడో రోజు తీసెయ్. మిగిలిన ప్యాకెట్లు ఫ్రీజర్లోనే పెట్టు, మన ఎండకి బయటుంటే పాత చీజ్ కంపు కొడతాయి. వాడు సరేనని, బీరయ్యాక వాసన చూడ్డానికి ఆంటీని తీసుకురా అన్నాడు.

అమ్మకి చెప్పాను. ఇంకా ఏమీ అనలేదు. గ్లాసులు మాత్రం నాతోనే రెండుసార్లు కడిగించింది.