తెలిసి వుండడం ఎవరి మేలుకు?

కిందటి నెల సంఘం చదువుగదిలో మేము పత్రికలు తిరగవేస్తూ వుండగా, ఒక మిత్రులు నవ్వుతూ, "రోజూ యింత చదువుతారు గదా, దానివల్ల మీకు ఒరిగిందేమిటండీ? పాలించేవారు పాలిస్తూనే వుంటారు. మన వంట మనం వండుకోక తప్పదు" అన్నారు. అప్పటికి మేమేమీ చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చిన తర్వాత కూడా ఆ మాట మమ్ములను వదలలేదు. జవాబేదో నలుగురి యెదుటనే చెప్పుకోవడం మంచిదనిపించి, యీ నెల యీ పుటను దానికే కేటాయిస్తున్నాము.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొంటాము.

తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటికొక తరగతి చొప్పున, బడిపిల్లలు తమిళాన్ని తప్పనిసరిగా చదవాలని దాని సారాంశం. ఆ యేడు ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాడు 2016లో పదవ తరగతి పరీక్షకు కూర్చుంటాడు. వేళ్లమీద కట్టదగిన లెక్క. ఇది రహస్యంగా జరిగినదీ కాదు. శాసనసభలో జరిగింది, పత్రికలలో పడింది. మేమూ చదివాము. చదివి, పుట తిప్పి, కాఫీ తాగాము.

తొమ్మిదేండ్లు గడిచాయి. 2015 వేసవి సెలవులు ముగిసే రోజులలో మా వీధి చివరి యింటాయన కొడుకును వెంటబెట్టుకొని వచ్చారు. పిల్లవాడు మొదటి నుంచీ తెలుగే మొదటి భాషగా చదివినవాడు. "అన్నగారూ, వీడు తమిళ పరీక్ష రాయాలంటున్నారు. ఎప్పటి నుంచండీ యిది?" అని ఆయన అడిగారు. ఎప్పటి నుంచో చెప్పడానికి మాకు సిగ్గు వేసింది. కుర్రవాడు వీధిలో తమిళం గడగడ మాట్లాడుతాడు. వ్రాయమంటే చేయి ఆడదు. ఆ యేడు కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లి పిల్లలకు మినహాయింపులు తెచ్చుకొన్నారు. ఆ దారి కూడా యీయనకు సకాలంలో తెలియలేదు. కుర్రవాడు రోజూ రాత్రి పదింటిదాకా పక్కింటి తమిళ పంతులమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకొని, ఎట్లాగో గట్టెక్కాడు. కాని లెక్కలలో ఎప్పుడూ ముందుండేవాడు, ఆ యేడు లెక్కలలోనే వెనుకబడ్డాడు.

తమిళం నేర్వడం కష్టమనో, అక్కరలేదనో మేము అనడం లేదు. యీ నేల తిండి తింటున్నాము. యీ నేల భాష మన పిల్లలకు రావడం అవసరమే, అందమే. మా బాధ వేరు. తొమ్మిదేండ్లలో తీరికగా నేర్వదగినదానిని ఆ పిల్లవాడు తొమ్మిది నెలలలో కన్నీళ్లతో నేర్వవలసి వచ్చింది. ఆ యింట్లో చెప్పడానికి మాకు తొమ్మిదేండ్ల వ్యవధి వుండి కూడా చెప్పలేదు.

ఇక రెండవ సంగతి. ఒడిశాలో స్థిరపడిన మా బంధువుల ఆడపడుచు ఒకరు కుట్టుపని చేసుకొనే యిల్లాలు. చిన్న కూతురు చదివే ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పేవారు లేకుండా పోయారు. ఆమె రెండుమార్లు వెళ్లి అడిగితే, గుమ్మంలోనే నిలబెట్టి, "పైవాళ్లను అడగాలమ్మా" అని పంపించారు. మూడవమారు వెళ్లేముందు ఆమె వాళ్లవూరి సంఘం గ్రంథాలయంలో కూర్చుని ఒక పుస్తకం చదివింది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకొనే వసతి కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం చెబుతున్నదని, అది 1956లో ఏడవ సవరణతో చేరిందని ఆమెకు తెలిసింది. బడి మొత్తంలో ఆ భాష పిల్లలు 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని వుంటే ఒక ఉపాధ్యాయుని నియమించాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం తీర్మానించిందనీ తెలిసింది. అన్ని రాష్ట్రాలూ దానిని ఒకే తీరున అమలు జరుపుతున్నాయని కాదు. అయినా అడగడానికి అదొక ఆధారం.

ఆ కాగితం చేతబట్టుకొని వెళ్లిననాడు ఆమెకు కుర్చీ వేశారు! బడిలో తెలుగు పిల్లలు ఎందరో చెప్పమని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టింది. ఆ చట్టం ప్రకారం 30 రోజులలో జవాబు చెప్పాలి. ఎందుకు అడుగుతున్నావో అర్జీదారు చెప్పనక్కరలేదు. జవాబు వచ్చింది: పిల్లలు 36 మంది. నలుగురు తక్కువ. ఆమె యిప్పుడు ఆ నలుగురి కోసం యిల్లిల్లూ తిరుగుతున్నది. "ఇదివరకు గోడతో మాట్లాడినట్లుండేది వదినా, యిప్పుడు నాకు కావలసింది నలుగురు పిల్లలని తెలిసింది" అని మా యింటి ఆమెతో టెలిఫోనులో చెప్పింది.

పంతులమ్మ యింకా రాలేదు. రేపు రాకపోనూవచ్చు. కాని ఆమె మాటలో వచ్చిన నిబ్బరం చూడండి. ఇదే మా మిత్రుని ప్రశ్నకు జవాబు. తెలిసివుండడం దేశానికి మేలు చేస్తుందని పెద్దలు ఉపన్యాసాలలో చెబుతారు, అది నిజమే. అంతకుముందు అది మనకే మేలు చేస్తుంది. తెలియనివాడు బతిమాలుకొంటాడు, లేదా కోపగించుకొంటాడు. తెలిసినవాడు అడుగుతాడు.

అయితే వార్తలు వినడం వేరు, తెలిసివుండడం వేరు. ఇప్పుడు చేతిలోని ఫోను తెల్లవారినది మొదలు వార్తలు కురిపిస్తూనే వుంటుంది. ఎవరు ఎవరిని ఏమి తిట్టారో మనకు తెలుసు. మన పేరు వోటర్ల జాబితాలో వున్నదో లేదో తెలియదు. పోలింగు నాడు వెళ్లి, పేరు లేదని తిరిగివచ్చి, దేశాన్ని తిట్టేవారు మనలో లేకపోలేదు. 18 ఏండ్లు నిండిన పిల్లలు పేరు చేర్చుకోవడానికి ఒకప్పుడు జనవరి 1 ఒక్కటే గడువు లెక్క. 2022 నుంచి ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటవ తేదీలు కూడా లెక్కకు వస్తున్నాయి. ఈ సంగతి ఎన్ని యిండ్లలో తెలుసు?

ఆ కుర్రవాని తర్వాత మేమొక అలవాటు చేసుకొన్నాము. కొత్త చట్టమో, ఉత్తరువో కంటబడితే మూడు ప్రశ్నలు వేసుకొంటాము. ఇది మా గడపకు ఎప్పుడు వస్తుంది? ఎవరిని అడిగితే తెలుస్తుంది? ఎన్నాళ్లలోగా అడగాలి? జవాబులు క్యాలెండరు వెనుక వ్రాసి, పక్కింటివారితో చెబుతాము. చెప్పడం ముఖ్యం. 2006లో మేము చదవకపోలేదు, చెప్పలేదు, అంతే.

పాఠకులు కూడా తమ వూళ్లలో యిట్లాంటి సంగతులేవైనా ముందుగా తెలిస్తే ఒక్క ఉత్తరం ముక్క మాకు వ్రాయవలసిందని మనవి. ఎవరి పిల్లవానికో తొమ్మిదేండ్లు కలిసివస్తాయి.